నీళ్లు పోస్తే పనైపోదు: విజయనగరం జిల్లాలో ఒక బాణసంచా కేసు

2025 దీపావళికి ముందు చీపురుపల్లి, రాజాం మధ్య ఒక జీడితోటలో, రేకుల షెడ్డులో దాచిన బాణసంచాను పోలీసులు పట్టుకున్నారు. లైసెన్స్ లేదు. మర్నాడు పత్రికల్లో ఫొటో వచ్చింది: ముందు అట్టపెట్టెలు, వెనక నిలబడ్డ సిబ్బంది. జనం దృష్టిలో కేసు అక్కడికి అయిపోయింది. ఆ పెట్టెలు ఆ తర్వాత ఏమయ్యాయో ఎవరూ అడగరు. అగ్నిమాపక శాఖ తరఫున ఆ సరుకును నాశనం చేసిన బృందంలో నేను ఉన్నాను కాబట్టి ఆ సంగతి రాస్తున్నాను. కేసు కోర్టులో ఉంది, అందుకే ఊరి పేరు, మనుషుల పేర్లు ఉండవు.

ఇలాంటి సరుకు ఎక్కడ పట్టుబడినా అందరూ ఇచ్చే సలహా ఒకటే. ఆ రోజు షెడ్డు దగ్గర ఒక కానిస్టేబుల్ కూడా అదే అన్నాడు. “ఏటి సార్ ఇంత టెన్షన్? రెండు డ్రమ్ములు నీళ్లు పోసేస్తే సచ్చిపోద్ది కదేటి!” ఊరి పెద్దలూ అదే అన్నారు, మాకన్నా పెద్ద హోదాలో ఉన్నవాళ్లూ కొందరు అదే అన్నారు. నీళ్లతో కొన్ని రకాల మందు నిద్రపోతుంది, ఆరాక మళ్లీ లేస్తుంది. ఇంకొన్ని రకాలు తడిస్తేనే లేస్తాయి. ఈ కేసులో మేం పడిన పాట్లన్నీ ఈ తేడా దగ్గరే.

షెడ్డులో ఏముంది

ఆ ఏడాది అక్టోబర్ 8న కోనసీమ జిల్లా రాయవరం మండలం కోమరిపాలెంలో బాణసంచా తయారీ కేంద్రం పేలింది. అదే ఏడాది ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో జరిగిన పేలుడులో 8 మంది పోయారు. ఈ రెండింటి తర్వాత మా వైపు కూడా తనిఖీలు గట్టిగా జరిగాయి. జీడితోట షెడ్డు అలా బయటపడింది.

లోపల సరుకు మూడు రకాలు. ఒకటి, లారీ పార్శిల్‌లో వచ్చిన ఫ్యాక్టరీ సరుకు: మతాబులు, భూచక్రాలు, కాకరపువ్వొత్తులు, ఆకాశంలో పేలే షాట్లు, పెద్ద పెద్ద వాలాలు. రెండు, అక్కడే చేతితో చుట్టినవి: మట్టి చిచ్చుబుడ్లు, జువ్వలు, తాటాకు టపాకాయలు, ఊక నింపిన బుట్టలో ఉల్లిపాయ బాంబులు. మూడు, ముడి సరుకు: సూరేకారం బస్తాలు, గంధకం, బొగ్గుపొడి, అల్యూమినియం పౌడర్ డబ్బాలు, పచ్చరంగు కోసం వాడే బేరియం నైట్రేట్, సగం కలిపి వదిలేసిన మందు ఉన్న ప్లాస్టిక్ తొట్టి. మూత బిగించిన పసుపు డబ్బా కూడా ఒకటి ఉంది. దాని మీద ఏమీ రాసి లేదు.

మా ఉత్తరాంధ్రలో చేతి బాణసంచాకు గిరాకీ ఒక్క దీపావళితో ఆగదు. “దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగుల చవితి” అంటూ గోగుకర్రలు కొట్టే పిల్లలకు నాగుల చవితి కూడా టపాకాయల పండగే. 2025లో దీపావళి అక్టోబర్ 20న, చవితి 25న వచ్చాయి. అంటే రెండు పండగల సరుకూ ఇంకా అమ్ముడవకముందే మేం అక్కడికి వెళ్లాం. షెడ్డు నిండుగా ఉండడానికి కారణం అదే.

పోలీసుల పంచనామాలో మొదట రాసింది “బాణసంచా, ఇన్ని పెట్టెలు” అని. అందరూ అలాగే రాస్తారు. పెట్టెల లెక్క కోర్టుకు సరిపోవచ్చు గానీ మాకు పనికిరాదు. ఒకే సైజు పెట్టెలో కాకరపువ్వొత్తులూ ఉండవచ్చు, షాట్లూ ఉండవచ్చు. ఎస్సై గారు కుర్రాడు, ఓపిక ఉన్నవాడు. మేం చెప్పాక రకంవారీగా, బరువుతో సహా మళ్లీ రాయించారు. వీఆర్వో సాక్షి సంతకం పెట్టేసరికి సాయంత్రమైంది.

ముసలాయన మాట

చేతి సరుకు చేసింది అరవై దాటిన ఒక ముసలాయన. ముగ్గురు నిందితుల్లో ఒకరు, అక్కడే ఓ పక్కన కూర్చోబెట్టారు. బాంబ్ స్క్వాడ్ నుంచి వచ్చిన సబ్ ఇన్‌స్పెక్టర్ వెళ్లి ఆయన పక్కనే నేల మీద కూర్చుని అడిగారు. “తాతా, కేసు సంగతి నేనడగను. ఏ దాంట్లో ఏం కలిపావో అది ఒక్కటి చెప్పు. మేమూ ఇంటికెళ్లాలి కదా.”

పోలీసుల ముందు నిందితుడు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. మాకు కావలసింది సాక్ష్యం కాదు కాబట్టి అది మాకు అడ్డం కాలేదు. ఆయన ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాడు. పసుపు డబ్బా దగ్గరికొచ్చేసరికి గొంతు మారింది. “అది ముట్టుకోకండి బాబూ. అందులో పొటాషూ గంధకం కలిసే ఉన్నాయి. పోయినేటిది. నేనే తీయడం లేదు.”

పొటాషు అని వాళ్లు పిలిచేది పొటాషియం క్లోరేట్‌ను. క్లోరేట్, గంధకం కలిపిన బాణసంచా మందును దేశంలో తయారు చేయకూడదని, దగ్గర ఉంచుకోకూడదని కేంద్రం 1992 జనవరిలోనే నోటిఫికేషన్ ఇచ్చింది. కారణం ఉంది. గంధకంలో కొద్దిపాటి ఆమ్లం ఎప్పుడూ ఉంటుంది. గాలిలో తేమ తగిలితే అది పెరుగుతుంది. ఆమ్లం క్లోరేట్‌తో కలిస్తే ఎవరూ ముట్టుకోకపోయినా, అగ్గి తగలకపోయినా అదంతట అదే అంటుకోవచ్చు. మూత తిప్పేటప్పటి రాపిడి చాలు. ఏడాది నిలవున్న డబ్బా, మూత అంచుల్లో పొడి ఇరుక్కుని ఉంది.

ఉల్లిపాయ బాంబుల సంగతి అందరికీ తెలుసు, అయినా ఎవరూ భయపడరు. క్లోరేట్‌తో మణిశిల (ఆర్సెనిక్, గంధకం ఉన్న ఖనిజం) లాంటిది కలిపి, గులకరాళ్లు వేసి చుడతారు. అగ్గిపుల్ల అక్కర్లేదు, నేలకేసి కొడితే పేలుతుంది. 2024 దీపావళి రోజున ఏలూరులో స్కూటర్ మీద బస్తాతో తీసుకెళ్తుంటే బండి గుంతలో పడింది. అంతే, బండి నడిపే మనిషి అక్కడికక్కడే చనిపోయాడు, చుట్టుపక్కల వాళ్లు గాయపడ్డారు. మా ఊళ్ల మట్టిరోడ్ల మీద, జీపులో వేసుకుని స్టేషన్‌కు తీసుకెళ్లడమంటే అదే ప్రయోగాన్ని మళ్లీ చేయడం.

అందుకని బుట్టనూ పసుపు డబ్బానూ తోట దాటించలేదు. బాంబ్ స్క్వాడ్ వాళ్లు వాటిని తమ పద్ధతిలో, తోటలోనే ఒక పల్లంలో, చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, అందరినీ దూరం పంపి, దూరం నుంచే పేల్చేశారు. వీడియో తీశారు, పంచనామాలో ఎందుకు అక్కడే నాశనం చేయాల్సి వచ్చిందో రాశారు. ఇక్కడ ఒక అభ్యంతరం వచ్చింది: కోర్టు ఉత్తర్వు లేకుండా కేసు ప్రాపర్టీని ఎలా నాశనం చేస్తారు? ప్రాణాపాయం ఉన్నప్పుడు తగలేయక తప్పదు, కాకపోతే ఆ తప్పనిసరి ఏమిటో ఆ రోజే, అక్కడే రాతలో ఉండాలి. తర్వాత కూర్చుని రాసింది ఎవరూ నమ్మరు.

గోదాం

మిగతా సరుకు ఎక్కడ పెట్టాలి? పట్టుకున్న వస్తువులు ఉంచే స్టేషన్ మాల్‌ఖానాలో పెట్టే ప్రసక్తే లేదన్నాం. ఆ గదిని ఆనుకునే వైర్‌లెస్ సెట్ ఉంది, వెనక పట్టుకున్న మోటార్ సైకిళ్లు పెట్రోల్‌తో సహా వరసగా ఉన్నాయి, గోడకవతల అంగన్‌వాడీ.

ఫ్యాక్టరీ పెట్టెలను లైసెన్స్ ఉన్న ఒక వ్యాపారి గోదాంలో, రాతపూర్వకంగా అప్పగించి పెట్టాం. చేతి సరుకును అక్కడ పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆయన మాటే న్యాయం: లైసెన్స్‌లో ఉన్నది అనుమతి ఉన్న సరుకుకే, ఏం కలిపారో తెలియని మందును దాని పక్కన పెడితే ఆయన సరుకూ పోతుంది. దాంతో చేతి సరుకు, ముడి సరుకు ఊరికి దూరంగా వాడకంలో లేని ఒక ప్రభుత్వ గోదాంకు చేరాయి. ఆ గోదాం ఏ శాఖదో చెప్పను. పైకప్పు రేకులు తుప్పు పట్టాయని మాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. ఇంకో చోటు లేదు. టార్పాలిన్లు కప్పి, ముడి సరుకును దుంగల మీద నేలకు ఎత్తుగా, ఒక్కో రకం ఒక్కో మూల పెట్టాం.

అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను కోనసీమ వైపు తీరం దాటింది. మాకు దూరమే. అయినా వాన మాత్రం మా దాకా వచ్చింది.

రెండు రోజుల తర్వాత కాపలా ఉన్న హోంగార్డు ఫోన్ చేశాడు. “సార్, గోదాంలోంచి పశువుల సాల వాసనొస్తంది. ఇక్కడ పశువులేవీ లేవు.” ఈ కేసులో అందరికంటే విలువైన సమాచారం ఇచ్చింది అతనే. ఏదో కుళ్లిందిలే అనుకుని ఊరుకుంటే, లేక తలుపు తీసి సిగరెట్ వెలిగించుకుని చూసుంటే, ఈ రాత వేరేలా ఉండేది.

పశువుల సాలలో వచ్చే ఆ ఘాటు అమ్మోనియాది. సూరేకారంలో నైట్రేట్ ఉంటుంది. అల్యూమినియం పౌడర్‌తో కలిపి కొంచెం తడిపితే, ఆ రెండూ మెల్లగా చర్య జరుపుతాయి. అమ్మోనియా వస్తుంది, వేడి పుడుతుంది. అల్యూమినియం నీటితో కలిసి హైడ్రోజన్ కూడా వదలవచ్చు. కుప్పగా ఉన్న పొడిలో ఆ వేడి బయటికి పోదు. లోపల వేడెక్కే కొద్దీ చర్య ఇంకా పెరుగుతుంది, అది కొన్ని గంటలూ పట్టవచ్చు, కొన్ని రోజులూ పట్టవచ్చు. తయారీదార్లు బోరిక్ ఆమ్లం కలిపేది దీన్ని ఆపడానికే. మా ముసలాయన తొట్టిలో అది లేదు.

వేడి ఉందో లేదో దగ్గరికి వెళ్లకుండా ఎలా తెలుస్తుంది? కోవిడ్ కాలంలో కొన్న తుపాకీ థర్మామీటర్ ఎవరో తెచ్చారు. దానికి జ్వరం లెక్కే తెలుసు, నలభై రెండు డిగ్రీలు దాటితే చేతులెత్తేస్తుంది. కరెంటు ఆఫీసు వాళ్ల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ జాయింట్ల వేడి చూసే పరికరం ఉంటుంది. అది అడిగి తెచ్చాం. తలుపు తాడు కట్టి దూరం నుంచి లాగి తెరిచి, చాలాసేపు గాలి ఆడనిచ్చి, గుమ్మం నుంచే చూశాం. గోడలు, బస్తాలు అన్నీ ఒకే వేడి. సగం కలిపిన మందు తొట్టి మాత్రం వాటన్నిటికంటే స్పష్టంగా వేడిగా ఉంది. దాని పైన రేకులో చిల్లు.

ఇప్పుడు నీళ్ల ప్రశ్న అసలు రూపంలో ముందుకొచ్చింది. తడి వల్ల వేడెక్కిన దాని మీద మళ్లీ నీళ్లా? నీళ్లే, కాకపోతే ఎంత అన్నదే మొత్తం సంగతి. చిల్లులోంచి పడింది చుక్కలు చుక్కలుగా. చర్య మొదలవడానికి సరిపోయింది, వేడి తీసుకుపోవడానికి చాలలేదు. బిందెడు నీళ్లు పోసుంటే ఇంకా పాడయ్యేది. పోస్తే ఆ పొడి పూర్తిగా మునిగి, పొంగి పొర్లి, వేడంతా నీటిలోకి పోయేటన్ని పోయాలి. తొట్టిని ఎత్తే పని పెట్టుకోలేదు. హోస్ పైపును గుమ్మం నుంచి, ధార కొట్టకుండా, తుంపర నాజిల్‌తో మొదలుపెట్టి మెల్లగా నింపాం. గట్టి ధార కొడితే పొడి చెల్లాచెదురై ఇంకో మూలనున్న గంధకంలోకి పోతుంది. కింద పారే నీళ్లు బయటికి పోకుండా ముందే ఇసుక బస్తాల కట్ట వేశాం. తలుపులన్నీ తీసే ఉంచాం, హైడ్రోజన్ పైకప్పు కింద పేరుకోకుండా. రాత్రంతా నీళ్లు నిలిపి, మధ్యమధ్యలో పరికరంతో చూసుకుంటూ ఉన్నాం. తెల్లారేసరికి తొట్టి గోదాం వేడికి దిగింది. వాసన ఇంకో రోజు ఉంది.

మిగతా చిచ్చుబుడ్లను ఆ రోజే బయట చదునైన చోట, ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా పరిచాం. ఒక చోట కుప్పగా ఉండడమే ప్రమాదం. ఒక బుడ్డి వేడెక్కినా అది ఒక్కటే పోతుంది.

కోర్టు, తూకం, నమూనాలు

సీఆర్‌పీసీ స్థానంలో కొత్తగా వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షన్ తర్వాత ఈ పని ఒక పద్ధతిలో పడింది. సరుకు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో దాని వివరాల పత్రం తయారు కావాలి, ఫొటోలు, అవసరమైతే వీడియో తీయాలి, ఆ తర్వాత 30 రోజుల్లో ఏం చేయాలో కోర్టు చెప్పాలి. విచారణలో ఆ ఫొటోలే సాక్ష్యం. పట్టుకున్న సరుకును ఏళ్ల తరబడి స్టేషన్లలో పేర్చి పెట్టవద్దని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ దేశాయ్ కేసులో చెప్పింది. చెప్పినా మన స్టేషన్ల వెనక తుప్పు పట్టిన బళ్ల వరసలు అలాగే ఉన్నాయి. బళ్లు తుప్పు పడతాయి, అంతటితో సరి. మందు అలా కాదు. గోదాం సంఘటన మీద ఒక పేజీ నివేదిక జత చేసి అర్జీ పెడితే మేజిస్ట్రేట్ గారు త్వరగానే విన్నారు.

ఉత్తర్వు కోసం చూస్తుండగానే నవంబర్ 14 రాత్రి శ్రీనగర్‌లోని నౌగామ్ పోలీస్ స్టేషన్ పేలిన వార్త వచ్చింది. ఫరీదాబాద్‌లో పట్టుకుని తెచ్చిన పేలుడు పదార్థాల నుంచి ల్యాబ్ వాళ్లు నమూనాలు తీస్తుండగా జరిగింది. 9 మంది పోయారు. మందుగుండుకూ దానికీ పోలిక లేదు, అక్కడి సరుకు వేరు. అయినా నమూనా తీయడమంటే స్పూనుతో చక్కెర తీసినట్టు కాదని మా వాళ్లందరికీ ఆ రోజు అర్థమైంది. విశాఖపట్నం ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపాల్సిన నమూనాలను గోదాంలో తీయలేదు. ఒక్కొక్క రకాన్ని బయట ఆరుబయలుకు తెచ్చి, కొద్ది గ్రాములే, ఇనుము తగలకుండా, ఒక్క మనిషే తీశాడు. మిగతావాళ్లు దూరంగా. ఒకటి సీలు వేసి పంపించాకే ఇంకొకటి బయటికి వచ్చింది.

ప్రతి పెట్టెనూ ధాన్యం తూచే కాటా మీద తూచాం. కంటితో చూసి ఇంత ఉంటుందిలే అనుకుంటే ఏమవుతుందో లాస్ ఏంజిలిస్ పోలీసులు 2021 జూన్ 30న చూపించారు. ఒక ఇంట్లో పట్టుకున్న, చేతితో చేసిన టపాకాయలను ఇళ్ల మధ్యే, పేలుడును లోపలే ఆపే ఉక్కు పాత్ర ఉన్న వాహనంలో పేల్చారు. మందు ఏడున్నర కిలోలని అంచనా, తర్వాత దర్యాప్తులో తేలింది దాదాపు 19 కిలోలని. తూచలేదు. పాత్రే ముక్కలైంది, 17 మంది గాయపడ్డారు, వీధి మొత్తం దెబ్బతింది. అంత ఖరీదైన సామగ్రి ఉన్నవాళ్లను ముంచింది తక్కెడ లేకపోవడం.

ఫ్యాక్టరీ సరుకు మీద నికర మందు బరువు రాసి లేకపోతే, మొత్తం బరువులో నాలుగో వంతు మందు అని లెక్క కట్టే పద్ధతి బ్రిటన్‌లో ఉంది. మేం అదే తీసుకున్నాం. చేతి సరుకుకు ఆ రాయితీ ఇవ్వలేదు. మొత్తం బరువూ మందే అని లెక్క వేశాం, మట్టిబుడ్డితో సహా. ఎక్కువ అంచనా వేస్తే ఇంకో గుంట తవ్వుకోవాలి, అంతే.

వేలం గురించి చాలామంది అడిగారు. మంచి సరుకే కదా, కాల్చేయడం ఎందుకు అని. సుప్రీంకోర్టు 2018 అక్టోబర్ 23 తీర్పు ప్రకారం వాలాలూ బేరియం ఉన్నవీ ఎవరికీ అమ్మడానికి లేవు. చేతి సరుకు కొనే లైసెన్స్‌దారు ఎవరూ ఉండరు. గ్రీన్ క్రాకర్ ముద్ర, క్యూఆర్ కోడ్ సరిగ్గా ఉన్న కొన్ని పెట్టెలకు మాత్రం ఒక డీలర్ బిల్లులు చూపించి తనవేనన్నాడు. కోర్టు వాటిని పక్కన పెట్టమంది, పెట్టాం. ఇంకో సంగతి, పైకి చెప్పుకోనిది: పండగ రోజుల్లో పట్టుకున్న సరుకు పెట్టెలు తేలికవుతాయి. పిల్లలకని తలా కాస్త. తూకం పుస్తకం ఉంటే ఆ అలవాటుకు కూడా మందు వేసినట్టే.

ఎక్కడ కాల్చాలి

మొదట వచ్చిన ప్రతిపాదన పాతిపెట్టడం. మా జిల్లాలో గ్రావెల్ కోసం ఈ రోజు పూడ్చిన గోతిని రెండేళ్లకు మళ్లీ ప్రొక్లెయిన్ తవ్వుతుంది. రెండోది సముద్రం. చింతపల్లి తీరం నుంచి పడవలో తీసుకెళ్లి వదిలేద్దామని. మైనం పూసిన గొట్టాలు మునగవు, అలలతో తిరిగి వస్తాయి. లేకపోతే వలలో పడతాయి. వాటిని ఒడ్డున ఆరబెట్టుకునేది జాలరి పిల్లలే. తడిసి ఆరిన సూరేకారం మళ్లీ స్ఫటికం కడుతుంది, మందు మళ్లీ మందే. మూడోది పాత సలహానే, చెరువులో నానబెట్టడం. నైట్రేట్ నీటిలో నాచును పెంచుతుంది. షాట్లలో ఉండే పెర్‌క్లోరేట్ నీటిలో కరిగి భూమిలోకి దిగుతుంది, థైరాయిడ్‌కు అయోడిన్ అందకుండా అడ్డుపడే పదార్థం అది. కరిగే బేరియం లవణాలు విషం. ఆ చెరువు నీళ్లే పొలానికీ గేదెలకీ.

కాల్చడానికే ఒప్పుకున్నాక చోటు వెతికాం. మూడు వైపులా గట్లున్న పాత గ్రావెల్ గొయ్యి దొరికింది. నవంబర్ నెలాఖరు. చుట్టూ వరి కోతలు, కల్లాల్లో కుప్పలు. ఒక్క షాట్ గట్టు దాటి కుప్ప మీద పడితే ఒక కుటుంబం ఏడాది తిండి పోయినట్టే. తహసీల్దార్ గారు రైతులతో మాట్లాడి, దగ్గరి కుప్పలు నూర్చి ధాన్యం తరలించేదాకా ఆగారు. ఆ ఆలస్యం మీద పైనుంచి ఫోన్లు వచ్చాయి. ఆయన కదల్లేదు.

పెసో, అంటే పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ, అధికారుల సలహా రాతలో తీసుకున్నాం. ఊళ్లలో ముందురోజు చాటింపు వేయించాం.

కాల్చిన రోజు

చలికాలం ఉదయం మా వైపు మంచు పొరలా పరుచుకుంటుంది, పొగ పైకి లేవదు. ఎండ ఎక్కి గాలి కదిలాకే మొదలుపెట్టాం. తక్కువ లోతు గుంటలు, ఒకదానికొకటి దూరంగా. అడుగున ఎండు కట్టెలు, దాని మీద సరుకు పలచగా, డీజిల్, పైన మందపు ఇనుప వలతో చేసిన పంజరం. షాట్ల గొట్టాలన్నీ గట్టు వైపు తిప్పి పెట్టాం. ముట్టించేది కరెంటు తీగతో, గట్టు అవతల నుంచి. అగ్నిమాపక శకటం గాలికి ఎదురు వైపు, ఇంజన్ ఆన్‌లో.

పెట్టెలు విప్పాం గానీ ఒక్క టపాకాయనూ కోయలేదు, మందు వేరు చేయలేదు. కోస్తే త్వరగా కాలుతుంది కదా అని ఒకరు అడిగారు. హవాయిలో వైకేలే దగ్గర 2011 ఏప్రిల్ 8న జరిగింది అదే. ప్రభుత్వం పట్టుకున్న బాణసంచాను నాశనం చేసే కాంట్రాక్టు పనివాళ్లు, డీజిల్‌లో నానబెట్టినా షాట్లు సరిగ్గా కాలడం లేదని, గొట్టాలు కోసి నల్లమందును వేరుగా, షెల్స్‌ను వేరుగా పెట్టెల్లో పోగేశారు. చిన్న చిన్న గొట్టాల్లో విడివిడిగా ఉన్న ప్రమాదాన్ని తమ చేతులతో ఒక్క చోటికి చేర్చుకున్నారు. ఐదుగురు చనిపోయారు.

మమ్మల్ని ఎక్కువ జాగ్రత్త పడేలా చేసింది వాలాలు కాదు, కాకరపువ్వొత్తులు. పసిపిల్లల చేతికిచ్చేవి కాబట్టి అందరికీ లోకువ. ఒక్కొక్కటి వెయ్యి డిగ్రీలు దాటి మండుతుంది. కట్టలు కట్టలుగా ఒకేసారి అంటుకుంటే బాంబులాగే పేలగలదు. వాటికి వేరే గుంట, ఒకే పొర, కట్టలన్నీ విప్పి. నీళ్లు చూపించలేదు.

మొదటి గుంట ముట్టించబోతుండగా గొర్రెల మంద ఒకటి గట్టు మీద కనిపించింది. కాపరికి చెవులు సరిగ్గా వినబడవు, చాటింపు చేరలేదు. బ్యాటరీ నుంచి తీగ తీసేసి, రెండు కొసలూ కలిపి మెలేసి, అప్పుడు మనిషిని పంపాం. “ఏటి బాబూ, దీపావళి అయిపోనాది కదా!” అని ఆశ్చర్యపోయాడు ఆయన. మంద దాటేదాకా ఆగాం.

ఒక గుంటను ఆ రోజు రెండోసారి వాడలేదు. పైకి చల్లగా కనబడే బూడిద లోపల నిప్పు ఉంటుంది. కొత్త సరుకు వేసే చేతులు వేస్తుండగానే అంటుకుంటుంది. చప్పుడు ఆగినా ఆ సాయంత్రం ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. మర్నాడు పొద్దున్నే చూస్తే షాట్లు కొన్ని పేలకుండా మిగిలాయి. వాటికి మళ్లీ చిన్న మంట.

మిగిలింది

బూడిదలో బేరియం ఉంటుంది, గ్రావెల్ గోతిలో వదలకూడదు. పై మట్టితో సహా ఎత్తి డ్రమ్ముల్లో నింపాం. గోదాం తొట్టిలోని బురద, కట్ట వేసి ఆపిన నీళ్లు ఇంకొన్ని డ్రమ్ములు. కాల్చని ముడి రసాయనాలు, అంటే విడిగా ఉన్న సూరేకారం, బేరియం నైట్రేట్, పొడిగానే ఉన్న అల్యూమినియం, ఒకదానికొకటి తగలకుండా వేర్వేరుగా సీలు వేశాం. అన్నీ అనకాపల్లి జిల్లా పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి వెళ్లాలి. వాళ్లు ముందు పరీక్ష నివేదిక అడిగారు, తర్వాత టన్నుకు ఇంత అని రేటు చెప్పారు.

ఆ డబ్బు ఎవరిస్తారన్న దగ్గర అందరూ ఆగిపోయారు. పట్టుకున్నది పోలీసులు, ఉత్తర్వు కోర్టుది, స్థలం రెవెన్యూది, కాల్చింది మేం. కేసులో జరిమానా చూసుకుందామంటే, లైసెన్స్ లేకుండా నిల్వ పెట్టినందుకు పేలుడు పదార్థాల చట్టం 9బి కింద రెండేళ్ల దాకా జైలు, మూడు వేల దాకా జరిమానా. మూడు వేలతో ఒక్క డ్రమ్ము కూడా పరవాడ చేరదు. చివరికి అత్యవసర ఖర్చు కింద కలెక్టరేట్ నుంచి కొంత సర్దారు, డ్రమ్ములు వెళ్లిపోయాయి. కాల్చిన వీడియో, తూకం పుస్తకం, పరవాడ వాళ్లిచ్చిన రసీదు కోర్టులో దాఖలయ్యాయి. డీజిల్, ప్రొక్లెయిన్ అద్దె, పంజరం చేసిన వెల్డర్ కూలీ బిల్లు మాత్రం ఇంకా ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతోంది.